ఆర్డరు లేని అల్లిక

ఆమె ప్రతి మంగళవారం మధ్యాహ్నం వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, గంటన్నర సేపు తలెత్తకుండా లేసు అల్లేది. మేము సామాను సర్దుకునే వేళకు సూది బయటికి తీసి, దారం కొస పట్టుకుని, అల్లినదంతా మొదటి చైను దాకా విప్పేసేది. లేసు అల్లికకు ఉన్న గుణమే అది. నేసిన గుడ్డను విప్పితే పోగులు మిగులుతాయి, కుట్టు విప్పితే గుడ్డ మీద చిల్లులు మిగులుతాయి. కొక్కెం సూదితో ఒకే దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా లాగుతూ పోయే ఈ అల్లికలో మాత్రం, చివరి ఉచ్చును వదులుచేసి లాగితే, అంచు, ఆకు, పువ్వు వరసగా జారిపోయి, ఎక్కడా తెగని దారం మళ్ళీ చేతికి వస్తుంది. అయితే ఆ దారం కొత్తదానిలా తిన్నగా ఉండదు, ఉంగరాలు తిరిగి ఉంటుంది. ఆమె దాన్ని ఉండ చుట్టి పెట్టెలో పెట్టి, చెంగు దులుపుకుని లేచి వెళ్ళేది. ఏడు వారాలు ఇలాగే జరిగింది. "దారం పాడైపోతోంది కదండీ, ఒక్కటైనా పూర్తి చేయించండి" అని హోమ్ వార్డెను నాతో రెండుసార్లు అన్నారు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

ఆమె ఉంటున్నది గృహహింస నుంచి బయటపడిన ఆడవాళ్ళకు ఆశ్రయమిచ్చే ఒక హోమ్. అది గోదావరి డెల్టాలో ఉందని తప్ప ఏ ఊళ్ళో ఉందో రాయను, రాయకూడదు కూడా. మాది నరసాపురం పక్క పల్లె. మా అమ్మమ్మ, మా అమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లగా వచ్చిన డబ్బులతోనే నాకు బడి పుస్తకాలు కొన్నారు. ఆ పని నాకూ వచ్చు కాబట్టి, వారానికోసారి వచ్చి ఏదైనా చేతిపని నేర్పించమని నాలుగేళ్ళ కిందట ఆ హోమ్ వాళ్ళు అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. ఇన్నాళ్ళ తరువాత నాకు గట్టిగా చెప్పాలనిపిస్తున్న సంగతి ఒకటుంది. ఆశ్రయ గృహాల్లో చేతిపనిని మనం ఉపాధి శిక్షణ అని పిలుస్తున్నాం, ఆ పేరుతోనే నిధులు అడుగుతున్నాం, ఆ లెక్కతోనే ఫలితాన్ని కొలుస్తున్నాం. అలా పిలవడం వల్ల ఉపాధీ దొరకడం లేదు, చేతిపని వల్ల నిజంగా కలిగే మేలూ దక్కడం లేదు. కొనేవాడు గానీ గడువు గానీ లేని పని, ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో, అసలు పూర్తి చెయ్యాలో వద్దో చేసే మనిషే తేల్చుకునే పని, హోమ్‌లో ఉన్న ప్రతి స్త్రీకీ వారంలో కొన్ని గంటలైనా అందాలనీ, దాన్ని తిండి, మందులు, వకీలు సాయం లాంటి అవసరాల సరసన లెక్కగట్టాలనీ నా వాదన.

ఎందుకంత పట్టుదల అంటే, ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు పోగొట్టుకునేది ముందుగా నిర్ణయాన్నే. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న 2005 నాటి గృహహింస చట్టం కొట్టడాన్ని మాత్రమే హింస అనలేదు. లైంగిక హింసను, మాటలతో మనసును గాయపరచడాన్ని, ఆర్థిక హింసను కూడా వేరువేరుగా పేర్కొంది. స్త్రీధనాన్ని ఆమెకు అందకుండా చేయడం, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, ఆమెకు హక్కున్న వనరులను వాడుకోనివ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో హింసే. హోమ్‌కు వచ్చినవాళ్ళు చెప్పే వివరాలు వింటే ఆ మాటలకు అర్థం బోధపడుతుంది. ఏ కూర వండాలో అత్తగారు చెప్పాలి, ఏ చీర కట్టాలో ఆయన చెప్పాలి, కిరాణా కొట్టుకు వెళ్ళి రావడానికి పది నిమిషాలు, పదకొండో నిమిషానికి సంజాయిషీ. ఇలా పదేళ్ళు గడిచాక హోమ్ గేటు లోపలికి వస్తే, అక్కడా లేచే వేళ, తినే వేళ, లైట్లు ఆర్పే వేళ అన్నీ గోడ మీద కాగితంలో రాసి ఉంటాయి. బయటికి వెళ్ళాలంటే రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆ నిబంధనలు రక్షణ కోసమేనని నాకు తెలుసు, వాటిని తప్పుపట్టను. ఆమె వైపు నుంచి చూస్తే మాత్రం, రోజంతటిలో తాను స్వయంగా ఎంచుకున్నది ఒక్కటీ ఉండదు.

నేను వెళ్ళిన మొదటి నెలలో పన్నెండు రంగుల దారపు ఉండలు చాప మీద పరిచాను. ఒకామె వాటి ముందు చాలాసేపు నిలబడి, "నన్నేది తీసుకోమంటారండీ?" అని అడిగింది. మీకు నచ్చింది తీసుకోండి అన్నాను. ఆమె పక్కనున్నవాళ్ళు ఏది తీసుకున్నారో చూసి, అదే రంగు తీసుకుంది. తరువాతి వారమూ అంతే. నాలుగో వారం ఎవరినీ చూడకుండా వంగి పసుపుపచ్చ ఉండ తీసి, కూర్చోకుండా కాసేపు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. బయటివాళ్ళకు ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. ఆ గదిలో ఉన్నవాళ్ళెవరికీ అలా కనిపించలేదు.

ఈ వాదనకు మా ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ ఆడవాళ్ళ చేతిలో సూది కొత్తది కాదు, అమాయకమైనదీ కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ అల్లిక నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి పనిగా స్థిరపడింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా మండలంలో దాని గురించి గర్వపడని వాళ్ళుండరు, నేనూ గర్వపడతాను. కానీ ఆ గర్వం వెనుక ఉన్న లెక్క వేరు. ఇంటి ఆడవాళ్ళు పొలం పనికి వెళ్ళకపోవడమే పరువుగా భావించిన కుటుంబాల్లో గడప దాటకుండా చేసే పని కాబట్టి లేసు నిలబడింది. ఇల్లాలు తీరిక వేళలో చేసుకునే పని అన్నారు కాబట్టి దానికి కూలి కూడా తీరిక వేళ కూలిగానే మిగిలిపోయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీల మీద చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ఈ ఆడవాళ్ళను పనివాళ్ళుగా కాక గృహిణులుగా లెక్కగట్టడమే తక్కువ కూలికి ఆధారమైందని ఆమె చూపించారు. ఆ మాటకు మా ఇంటి అరుగే సాక్ష్యం. మా అమ్మ రోజుకు ఆరేడు గంటలు అల్లేది. మా నాన్నగారు మాత్రం "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, ఏ పనీ చెయ్యదు" అని చెప్పేవారు, అదీ గౌరవంగానే చెప్పేవారు.

ఆ వ్యాపారం నడిచే తీరు కూడా చెప్పాలి. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, లేదా ఇచ్చి వెళ్తుంది. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు, ఇంకో ఇంట్లో వాటిని జతచేస్తారు. ఈ రెండోదాన్ని అతుకుపని అంటారు. పువ్వులు అల్లిన మనిషి ఆ పువ్వులు చేరిన బల్లగుడ్డను ఎన్నడూ చూడదు. మా అమ్మమ్మ నలభై ఏళ్ళకు పైగా అల్లినా, మా ఇంట్లో ఒక్క లేసు గుడ్డ కూడా ఉండేది కాదు. దారం వేరొకరిదైనప్పుడు అల్లింది ఇంట్లో ఉంచుకోవడం కుదరదు.

ఇదంతా తెలిసి కూడా నేను ఒక తప్పు చేశాను. రెండో ఏడాదిలో, గ్లాసుల కింద వేసే చిన్న గుండ్రటి లేసు ముక్కలు రెండు వందలు కావాలని ఒక ఆర్డరు వచ్చింది. హోమ్ వాళ్ళు సంతోషించారు, నేనూ సంతోషించాను, వచ్చే డబ్బు అల్లినవాళ్ళకే పంచుదామని అందరం అనుకున్నాం. మంగళవారం గంట కాస్తా రోజూ మూడు గంటలైంది. కొలత తేడా వచ్చినవి పక్కన పెట్టడం, మళ్ళీ చెయ్యమని చెప్పడం నా వంతైంది. నా నోటి నుంచి ఏజెంట్ల మాటలే వస్తున్నాయని నాకే వినిపించింది. రెండో వారంలో ఒకామె, అందరికంటే చక్కగా అల్లే మనిషి, "ఇవి ఏ ఏజెంటు తీసుకెళ్తారండీ?" అని అడిగింది. పేరు చెప్పాను. ఆమె సూది కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది, ఆ తరువాత మూడు నెలలు ఆ గదికి రాలేదు.

కారణం నాకు ఆ రాత్రి ఇంటికి వచ్చాక తట్టింది. లేసు అల్లేవాళ్ళ ఊళ్ళలో ఎవరి చెయ్యి ఎలాంటిదో ఏజెంట్లకు తెలుసు. కొందరు దారాన్ని బిగించి అల్లుతారు, కొందరు వదులుగా అల్లుతారు. పువ్వు మధ్యలో కన్నం ఎంత తెరుచుకుంటుందో చూసి, ఇది ఫలానావారి చెయ్యి అని మా అమ్మ కూడా చెప్పేసేది. ఆ ఏజెంటు ఆమె అత్తవారి ఊరికీ వెళ్తాడు. ఆమె చేతి బిగి ఆ సంచిలో కనిపిస్తే, ఆమె బతికే ఉందని, డెల్టాలోనే ఉందని, ఈ పక్కనే ఎక్కడో ఉందని తెలిసిపోతుంది. సంతకం పెట్టి ఉత్తరం పంపినట్టే. ఆ ఆర్డరును మేము సగంలో ఆపేశాం, పూర్తయిన ముక్కలను పంపలేదు. ఆపడం వల్ల ఒకరిద్దరికి రావలసిన డబ్బు రాలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. దాన్ని హోమ్ నిధి నుంచి సర్దారు. ఆ భయాన్ని నేను ముందుగా ఊహించకపోవడానికి మాత్రం ఏ సర్దుబాటూ లేదు.

ఇక్కడ న్యాయమైన ఎదురు ప్రశ్న ఒకటి వస్తుంది, తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. చేతిలో రూపాయి లేని మనిషికి, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన మనిషికి, కావలసింది సంపాదన కదా, రంగు దారాలతో ఏం ఒరుగుతుంది అని అడుగుతారు. సంపాదన కావాలి, అందులో రెండో మాట లేదు. తిరిగి ఆ ఇంటికే వెళ్ళేవాళ్ళలో చాలామంది డబ్బు లేకనే వెళ్తున్నారని హోమ్‌లో ఏడాది తిరిగినవాళ్ళెవరైనా చెబుతారు. కేంద్ర ప్రభుత్వ ఆశ్రయ పథకమైన స్వధార్ గృహాల నిబంధనల ప్రకారం గృహహింస నుంచి వచ్చిన స్త్రీ ఏడాది వరకు ఉండగలిగేది. ఇప్పుడు ఆ పథకాన్ని శక్తి సదన్ పేరుతో నడుపుతున్నారు. ఏడాది అంటే చాలా తక్కువ కాలం, అందులో కోర్టు వాయిదాలకే సగం పోతుంది. చట్టమేమో మొదటి విచారణ జరిగిన 60 రోజుల్లో దరఖాస్తును తేల్చడానికి ప్రయత్నించాలంటుంది. వాయిదాలకు వెంట వెళ్ళినవాళ్ళకు ఆ 60 రోజులు ఎలా సాగుతాయో తెలుసు.

సరిగ్గా అందుకే అడుగుతున్నాను. అంత తక్కువ కాలంలో, అంత అవసరంలో ఉన్న మనిషికి, పొలం కూలి కంటే తక్కువ గిట్టే లేసునో, వీధికి ఇద్దరు టైలర్లున్న ఊళ్ళో మూడు నెలల కుట్టు శిక్షణనో ఇచ్చి, దాన్ని ఉపాధి అనడం ఎలా న్యాయం? ఆమెకు పదో తరగతి పూర్తి చేయించండి, కంప్యూటరు మీద లెక్కలు రాయడం నేర్పించండి, ఆసుపత్రిలో సహాయకురాలి పని నేర్పించండి, స్కూటరు నేర్పి లైసెన్సు ఇప్పించండి, ఆమె ఒక్కరి పేరు మీద బ్యాంకు ఖాతా తెరిపించండి. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమే మొదటి అధ్యక్షురాలు. చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షకు కూర్చునేలా సంక్షిప్త విద్యా కోర్సులను ఆ మండలి 1958లో మొదలుపెట్టింది. చేతిలో సర్టిఫికెట్టు ఉన్న స్త్రీకి, చేతిలో సూది మాత్రమే ఉన్న స్త్రీకి కూలి విషయంలో ఎంత తేడా ఉంటుందో డెల్టాలో పుట్టిన మనిషికి వేరే చెప్పనక్కరలేదు. ఉపాధి బరువును చేతిపని మీద నుంచి దించి, మొయ్యగలిగిన వాటి మీద పెట్టమంటున్నాను. లేసు అల్లి అమ్ముకుంటానని ఎవరైనా తానుగా అంటే అది ఆమె ఇష్టం. అప్పుడు ధర మాట్లాడటానికీ, దూరపు ఊరి కొనుగోలుదారును వెతకడానికీ నేను తోడు వెళ్తాను.

బరువు దించాక మిగిలే పని ఏమిటో ఆ దారం విప్పే ఆమె వల్లే నాకు తెలిసింది. ఎనిమిదో వారం, నేను ఏమీ అడగకుండా పక్కన కూర్చుని నా పని నేను చేసుకుంటుంటే, చేతుల మీంచి చూపు తిప్పకుండానే ఆమె అంది: "అక్కడ ఒక్క వరస తప్పుపోయి విప్పితే, దారం తగలేశానని దెబ్బలు పడేవండీ. తప్పని తెలిసినా అలాగే అల్లుకుపోయేదాన్ని." అంతే, ఇంకేమీ చెప్పలేదు. ఏడు వారాలుగా ఆమె చేస్తున్నది దారం పాడుచేయడం అని మేమనుకున్నాం. తాను అల్లినదాన్ని ఎవరికీ జవాబు చెప్పకుండా విప్పగలగడం ఆమెకు ఎన్నో ఏళ్ళ తరువాత దక్కింది. ఆ రోజూ విప్పేసింది. నేను వార్డెనుగారితో మాట్లాడి, ఆమెకు మరో రెండు ఉండలు ఎక్కువ కేటాయించాం.

ఆమె చెప్పిన మాట కంటే, చెప్పిన తీరు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. హోమ్‌కు వచ్చిన స్త్రీ తన కథను ఎన్నిసార్లు చెప్పాలో లెక్కపెట్టి చూడండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేసినప్పుడు ఒకసారి, హింసకు గురైన స్త్రీలకు అన్ని సాయాలూ ఒకేచోట అందించే సఖి కేంద్రంలో ఒకసారి, పోలీసులకు, డాక్టరుకు, గృహహింస నివేదిక రాసే రక్షణాధికారికి, వకీలుకు, ఆఖరికి మేజిస్ట్రేటు ముందు. ప్రతిసారీ ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ, తేదీలతో సహా, మొదటి నుంచి చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 30 మంది భర్త వల్ల హింసకు గురయ్యామన్నారు. దేశం మొత్తం మీద శారీరకంగా గానీ లైంగికంగా గానీ హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవారు 14 శాతం మాత్రమే. నోరు విప్పడం అంత కష్టమైన చోట, చూపు చేతుల మీద ఉన్నప్పుడు మాట కాస్త తేలికవుతుంది. మునగాకు దూస్తూనో, చింతపండు గింజ తీస్తూనో మన ఇళ్ళలో ఆడవాళ్ళు చెప్పుకున్న కష్టాలు ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుని చెప్పుకున్నవి కావు. మాట్లాడకపోయినా ఫరవాలేదు, చెయ్యి కదులుతూనే ఉంటుంది కాబట్టి ఆ మౌనం ఎవరికీ ఇబ్బందిగా ఉండదు.

అందుకే ఈ గంటను చికిత్స అని పిలవడానికి కూడా నేను ఒప్పుకోను. మనసుకు చికిత్స చెయ్యడానికి చదువుకున్న మనుషులు కావాలి, ప్రతి హోమ్‌కూ వాళ్ళు ఉండాలి, అది వేరే పోరాటం. ఒకసారి ఎక్కడి నుంచో వచ్చిన ఒక సంస్థవాళ్ళు అందరిచేతా బొమ్మలు వేయించి, నల్లరంగు వాడినవారిని పక్కకు పిలిచి "మీ బాధేమిటి?" అని అడిగారు. ఆ రోజు పెట్టెలో నల్లరంగే ఎక్కువగా మిగిలి ఉందని ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. ఇన్ని చోట్ల తన కథ విప్పి చెప్పుకుని వచ్చిన మనిషికి, తాను వేసిన గీతను కూడా మరొకరు చదివేస్తారన్న భయం కలిగించడం పొరపాటు.

ఈ గంట నడపడంలో పెద్ద తగాదా కత్తెర దగ్గర వచ్చింది. హోమ్‌లో కత్తెరలు, బ్లేళ్ళు బీరువాలో తాళం వేసి ఉంచుతారు. తన మీద తాను కోపం తీర్చుకునే స్థితిలో కొందరు వస్తారు కాబట్టి ఆ జాగ్రత్త అవసరమే. పాత చీరలతో బొంత కుడదామని మేము కూర్చున్నప్పుడు మాత్రం, ప్రతి ముక్కా ఆఫీసు గదిలో కోయించుకుని తెచ్చుకోవలసి వచ్చేది. చివరికి ఆరు కత్తెరలు లెక్కపెట్టి ఇవ్వడం, గంట చివర లెక్కపెట్టి తీసుకోవడం అనే పద్ధతికి వార్డెనుగారు ఒప్పుకున్నారు. మొదటిరోజు ఆమె గుమ్మంలోనే నిలబడ్డారు, మూడో వారానికి వచ్చి మాతోపాటు కూర్చున్నారు.

ఆ బొంత గురించి ఇంకొంచెం చెప్పాలి. మన ఇళ్ళలో బొంతకు మెత్తబడిన నేతచీరలు పైకీ కిందకీ వేసి, చిరిగిన పంచెలు, లంగాలు మధ్యలో పొరలుగా పరిచి, దగ్గర దగ్గరగా పొడుగు కుట్లు వేస్తారు. మధ్యలో ఏముందో కుట్టినవాళ్ళకే తెలుస్తుంది. ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఇల్లు వదిలి వచ్చిన రోజు కట్టుకున్న చీర తెచ్చింది. కోనసీమ నుంచి తెల్లవారకముందే బయలుదేరి, సఖినేటిపల్లి రేవులో మొదటి పంటు ఎక్కి నది దాటి వచ్చిన చీర అది. లేత ఆకుపచ్చ నూలు చీర, పెళ్ళికి వాళ్ళ పిన్ని పెట్టినదట, మోకాలి దగ్గర తుప్పు మరక ఉంది. పక్కనున్న పెద్దావిడ "కొత్తదిలా ఉంది కదమ్మా, కట్టుకోవచ్చు కదా" అంది. ఆ అమ్మాయి "కట్టుకోలేనండి పిన్నిగారూ, పారెయ్యలేనండి" అంది. కత్తెర తీసుకుని అంచు దగ్గర గాటు పెట్టింది. ఆపైన కత్తెర వాడలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలువునా చింపింది. నూలు చీర చిరిగే చప్పుడు గదంతా వినిపించింది. ముక్కలన్నీ చింపాక, వాటిని పైపొరలో వేస్తానంటుందేమోనని మేమనుకున్నాం. ఆమె వాటిని మధ్య పొరలో పరిచి, మీద పెద్దావిడ ఇచ్చిన ఎరుపంచు చీర కప్పి, నాలుగు వైపులా తానే కుట్టింది. ఆ బొంతలో ఆ చీర ఎక్కడుందో ఇప్పుడు చేత్తో తడిమినా తెలియదు.

ఇలాంటి పనిని మనం బయటి నుంచి తెచ్చుకోనక్కరలేదని కూడా నాకు అక్కడే అనిపించింది. ధనుర్మాసంలో డెల్టాలో ఏ వీధికి వెళ్ళినా తెల్లవారుజామున చుక్కలు పెట్టి ముగ్గు వేస్తారు, మధ్యాహ్నానికి సైకిళ్ళు, గేదెలు తొక్కేస్తాయి, మర్నాడు నీళ్ళు చల్లి మళ్ళీ వేస్తారు. దానికి కొనేవాళ్ళు లేరు, కూలి లేదు, దాచుకోవడం లేదు. ఎన్ని చుక్కలు పెట్టాలో వేసే మనిషే అనుకుంటుంది. హోమ్‌లో వీధి వైపు ముగ్గు వెయ్యనివ్వరు, లోపల ఇంతమంది ఆడవాళ్ళున్నారని బయటికి తెలియకూడదని. వెనుక వాకిట్లో, నూతి పక్కన వేస్తారు. పిల్లలు గొబ్బెమ్మలు పెడతారు. పిల్లలున్న తల్లులకు ఈ పనుల్లో ఇంకో లాభం కూడా ఉంది, తాటాకుతో చిలకను చేసిచ్చిన అమ్మను ఆ పిల్లవాడు ఆ పూటంతా అందరికీ చూపించుకుంటూ తిరుగుతాడు. ఏడుస్తూ, దాక్కుంటూ ఉన్న అమ్మనే చూసిన పిల్లలు వాళ్ళు.

చూపించడం అన్నప్పుడు ప్రదర్శనల సంగతి కూడా తేల్చాలి. దాతలు వస్తారు, అధికారులు వస్తారు, మార్చి 8 వస్తుంది, బల్ల మీద లేసు పరిచి వెనుక ఆడవాళ్ళను నిలబెట్టి ఫొటోలు తీస్తారు. ముఖాలు కనిపించకుండా తీశాం అంటారు. లేసు ఊళ్ళలో చెయ్యి కూడా ముఖమేనని పైన చెప్పాను. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేప్ కాడ్‌లో 1990లో హింసను ఎదుర్కొన్న స్త్రీలు తాము రంగులు వేసిన 31 చొక్కాలను ఒక తాడు మీద ఆరవేసి ఊరి నడుమ ప్రదర్శించారు. ఆ తరువాత అది ఎన్నో దేశాలకు పాకింది. దాని మీద నాకు గౌరవం ఉంది, ఎందుకంటే అక్కడ ఏం రాయాలో, వేలాడదీయాలో వద్దో చొక్కా చేసిన మనిషి ఇష్టం. మన హోముల్లో ప్రదర్శనకు తేదీ ముందు ఖాయమవుతుంది, ఆ తరువాతే వస్తువులు తయారవుతాయి. అడిగితే కాదనే స్థితిలో లేని మనిషిని అడిగి, ఆమె తలూపింది కాబట్టి ఒప్పుకుందనడం నాకు సమ్మతం కాదు. ఆమె మంచం, తిండి, కేసు అన్నీ ఆ అడిగేవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. కాబట్టి మా గంటలో తయారైనవి ఏవీ ఫొటో తీయం. తీసుకెళ్ళాలనుకున్నవాళ్ళు తీసుకెళ్తారు, వద్దనుకున్నవాళ్ళు పెట్టెలో వదిలేస్తారు, విప్పేవాళ్ళు విప్పుతారు. ఈ మాట అంటే ఒక దాత ఇవ్వదలచిన డబ్బు ఇవ్వలేదు. ఆయన కోపం నాకు అర్థమైంది, ఏదో ఒకటి కళ్ళతో చూడాలని ఎవరికైనా ఉంటుంది. అయినా ఆ నియమం మార్చలేదు.

ఖర్చు సంగతికి వస్తే, ఇది పెద్ద నిధులు కావలసిన పని కాదు. ఉప్పాడ జాందానీకి మగ్గం కావాలి, స్థలం కావాలి, ఏళ్ళ తరబడి అభ్యాసం కావాలి. లేసు సూది, దారం చేతి సంచిలో పడతాయి, అర్ధరాత్రి ఊరు మారవలసి వచ్చినా వెంట వస్తాయి. రేపు హోమ్ పెట్టబోయేవాళ్ళు నన్నడిగితే దారం, సూదులు, పాత చీరలు, లెక్కకు ఆరు కత్తెరలు, వెలుతురున్న గది, వారంలో కదలని ఒక గంట అని చెబుతాను. హాజరు పట్టీ వద్దంటాను. ఎన్ని వస్తువులు తయారయ్యాయని నివేదికలో గడి పెట్టవద్దంటాను. నేర్పేవాళ్ళు ఒకటి రెండు వారాలు వచ్చి మానేసే మనుషులు కాకూడదంటాను, ఎందుకంటే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయేవాళ్ళను, మాట తప్పేవాళ్ళను ఆ గదిలోవాళ్ళు చాలామందిని చూశారు.

ఇంకొకటి, రేకు పెట్టె. దారాలు, సగంలో ఉన్న పనులు అందులో ఉంటాయి. మొదట్లో దాని తాళంచెవి ఆఫీసులో ఉండేది, రాత్రి నిద్రపట్టక అల్లుకుందామన్నా పొద్దున్న తొమ్మిది దాకా ఆగవలసి వచ్చేది. ఇప్పుడు కత్తెరలు మాత్రం ఆఫీసులో ఉంటాయి. పెట్టె తాళంచెవి హోమ్‌లో ఉంటున్నవాళ్ళలో ఒకరి దగ్గర ఉంటుంది, నెలకొకరు చొప్పున వాళ్ళలో వాళ్ళే మార్చుకుంటారు. పోయిన మంగళవారం నేను వెళ్ళేసరికి పెట్టె తెరిచే ఉంది, లోపల పసుపుపచ్చ దారం అయిపోయింది, మూత లోపలి వైపు ఎవరో పెన్సిలుతో "పసుపు 3, ముదురు నీలం 1" అని రాసి పెట్టారు.